సామాను అప్పగింత: క్లోక్ రూమ్ నుంచి స్మార్ట్ లాకర్ వరకు
(నెల్లూరు తీరం ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన)

1. పరిచయం

తిరుమలకో, నెల్లూరు రొట్టెల పండుగకో, ఏదైనా పెద్ద రైల్వే స్టేషన్‌కో వెళ్లినప్పుడు మీకు ఒక ప్రశ్న తప్పక ఎదురవుతుంది. చేతిలో ఉన్న సంచిని ఎక్కడ పెట్టాలి? ఇప్పటివరకు దీనికి దొరికే జవాబు ఒక్కటే. కిటికీ వెనుక ఒక మనిషి ఉంటాడు. సంచి తీసుకుని టోకెన్ ఇస్తాడు. టోకెన్ తెస్తే సంచి ఇస్తాడు. కొన్నేళ్లుగా రెండో జవాబు కూడా వినిపిస్తోంది. వరుసగా అమర్చిన ఇనుప పెట్టెలు, మధ్యలో ఒక తెర. సెల్ ఫోన్ నంబరు కొట్టి, డబ్బు చెల్లిస్తే ఒక తలుపు తెరుచుకుంటుంది. అక్కడ మనిషి ఉండడు. దీన్నే స్మార్ట్ లాకర్ అంటున్నారు.

ఈ రెండింటిలో ఏది మేలు అన్న చర్చ సాధారణంగా ఖర్చు, వేగం చుట్టూ తిరుగుతుంది. చరిత్ర విద్యార్థులుగా మనం మరో వైపు నుంచి చూద్దాం. ఒకరి వస్తువును మరొకరు కొంతకాలం కాపాడి తిరిగి ఇవ్వడం చాలా పాత వ్యవహారం. దానిమీద ధర్మశాస్త్రాలు రాశాయి, రాజులు శాసనాలు వేయించారు, కంపెనీలు కోటలు కట్టాయి, న్యాయస్థానాలు తీర్పులు చెప్పాయి. వీటన్నిటిలోనూ మూడు ప్రశ్నలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

మొదటిది: ఏం అప్పగించారో ఎవరికి తెలుసు? 
రెండోది: అప్పగించినట్టు రుజువు ఏమిటి? 
మూడోది: వస్తువు పోతే నష్టం ఎవరిది?

ఈ పాఠం పొడవునా ఈ మూడు ప్రశ్నలను వెంట ఉంచుకోండి. నెల్లూరు తీరాన్ని ఆధారంగా తీసుకోవడానికి కారణం ఉంది. ఈ విషయంలోని దాదాపు ప్రతి దశకూ ఇక్కడో, ఇరుగు పొరుగు జిల్లాల్లోనో ఒక ఉదాహరణ దొరుకుతుంది.

2. నిక్షేపం, ఉపనిధి

పరాయి వస్తువును దాచి ఉంచడం గురించి మన పాత న్యాయగ్రంథాలు విడిగా చర్చించాయి. కౌటిల్యుని అర్థశాస్త్రంలో దీనికి ప్రత్యేక ప్రకరణం ఉంది. మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో నిక్షేపం ప్రస్తావన వస్తుంది. ఎవరి దగ్గర దాచుకోవాలో చెబుతూ మనుస్మృతి మంచి వంశం, నడవడి, సత్యం, బంధుబలగం, సంపద వంటి లక్షణాలు చెప్పింది. ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. ఈ ఏర్పాటులో భద్రతకు హామీ రశీదు కాదు, మనిషి హోదా. హోదా లేనివాడి మాటకు అంత విలువ ఉండదు. కాబట్టి ఈ నమ్మకం అందరికీ సమానంగా అందేది కాదు.

యాజ్ఞవల్క్య స్మృతి మరో అడుగు ముందుకు వేసింది. లోపల ఏముందో చెప్పకుండా, పెట్టెలోనో సంచిలోనో మూసి ఇచ్చిన వస్తువును అది విడిగా గుర్తించింది. దాన్ని 'ఔపనిధికం' అంది. లెక్కపెట్టి, చూపించి ఇచ్చేదాన్ని వ్యాఖ్యాతలు నిక్షేపం అన్నారు. మూసి ఇచ్చినదాన్ని మూసినట్టే తిరిగి ఇవ్వాలి. రాజు తీసుకున్నా, దైవికంగా నశించినా, దొంగలు ఎత్తుకుపోయినా దాచినవాడు ఇచ్చుకోనక్కరలేదు. అయితే యజమాని వచ్చి అడిగినప్పుడు ఇవ్వకుండా ఆలస్యం చేసి, ఆ తరువాత వస్తువు పోతే దాని విలువతోపాటు అంతే మొత్తం దండుగ కూడా కట్టాలి. దాచినదాన్ని సొంతానికి వాడుకున్నవాడికి శిక్ష వేరే ఉంది.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానమే మితాక్షర. కళ్యాణి చాళుక్య విక్రమాదిత్యుని కాలంలో వెలువడిన ఈ గ్రంథం దేశంలో చాలాచోట్ల న్యాయానికి ఆధారమైంది. దీన్ని తెలుగులోకి తెచ్చినవాడు కేతన. తెచ్చిన కాలం 13వ శతాబ్దం. నెల్లూరులో తెలుగు చోడ మనుమసిద్ధి మంత్రిగా ఉన్న తిక్కనకు కేతన సమకాలికుడు. తన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చాడు. కేతన రాసిన విజ్ఞానేశ్వరీయం తెలుగులో తొలి న్యాయగ్రంథంగా పేరుపొందింది. సంస్కృతం రానివాళ్లకు వ్యవహార ధర్మం సొంత భాషలో తెలియాలన్న అవసరం ఈ తీరంలో ఏడు వందల ఏళ్ల క్రితమే ఉందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి. లాకర్ తెర మీద నిబంధనలు ఏ భాషలో ఉన్నాయన్న ప్రశ్న వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తుంది.

3. తీరంలో సరుకు: శాసనం, గిడ్డంగి

సముద్రతీరంలో సామాను ప్రశ్న మరింత పెద్దది. ఓడ తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడితే అందులోని సరుకు ఎవరిది? కాకతీయ గణపతిదేవుడు 1244-45లో వేయించిన మోటుపల్లి అభయశాసనం దీనికి జవాబిచ్చింది. మోటుపల్లి నెల్లూరుకు ఉత్తరంగా, ఇప్పటి బాపట్ల జిల్లాలో ఉంది. అంతకుముందు రాజులు తుపాను దెబ్బతిని తీరానికి చేరిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు బలవంతంగా తీసుకునేవారని, తాము మాత్రం నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వర్తకులకే వదిలిపెడుతున్నామని శాసనం చెబుతుంది. వర్తకుడు ఏ పరిస్థితిలో ఒడ్డు చేరినా సరుకు అతనిదేనన్న హామీ అది. అందరికీ కనపడేలా రాతి మీద చెక్కిన ఈ మాట రశీదు లాంటిదే. రశీదు ఇచ్చినది రాజ్యం.

దక్షిణాన దుగరాజపట్నం దగ్గర మరో దశ కనిపిస్తుంది. మొన్నటిదాకా నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ పునర్వ్యవస్థీకరణతో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1626లో ఇక్కడ ఫ్యాక్టరీ పెట్టి దాన్ని ఆర్మగాన్ అని పిలిచింది. ఫ్యాక్టరీ అనగానే ఉత్పత్తి చేసే కర్మాగారం అనుకోకండి. ఆ కాలంలో ఫ్యాక్టర్ అంటే వర్తక ప్రతినిధి. అతను నివసిస్తూ సరుకు నిలవ చేసే చోటు ఫ్యాక్టరీ. ఓడలు గాలివాటాన్ని బట్టి ఏడాదిలో కొన్ని నెలల్లోనే వస్తాయి. నేతగాళ్ల దగ్గర బట్ట మాత్రం ఏడాది పొడవునా కొనాలి. కొన్నదాన్ని ఓడ వచ్చేదాకా ఎలుకలు, చెమ్మ, దొంగలు, ప్రత్యర్థి కంపెనీల నుంచి కాపాడాలి. 1628 నాటికి ఆర్మగాన్ ఫ్యాక్టరీ చుట్టూ 12 ఫిరంగులు ఉండేవి. ప్రతినిధులు, సైనికులు కలిపి 23 మంది కాపలా. కోరమాండల్ తీరంలో ఇంగ్లీషువాళ్లు తొలిసారి కోట కట్టుకున్న స్థావరం ఇదే. ఇక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసులో స్థలం సంపాదించాక కంపెనీ దృష్టి అటు మళ్లింది.

ఈ ఉదాహరణతో మనిషి కాపలాకు ఎంత ఖర్చవుతుందో తెలుస్తుంది. మనుషులకు జీతం, తిండి, వసతి, ఆయుధం కావాలి. సరుకు లేని నెలల్లోనూ ఆ ఖర్చు ఆగదు. స్మార్ట్ లాకర్లు అమ్మేవారు నేడు చెప్పే ప్రధాన వాదన కూడా ఇదే: జీతాల ఖర్చు తగ్గుతుందని.

కాపలా అంటే మనిషి ఒక్కడే అని కూడా అనుకోవద్దు. మన పల్లెల్లో కళ్లంలో ధాన్యం రాశి మీద బూడిదతోనో తడిమట్టితోనో ముద్ర వేసే ఆచారం ఉండేది. రాశిని ఎవరైనా కదిపితే ముద్ర చెదురుతుంది. ముద్ర దొంగను ఆపలేదు. దొంగతనం జరిగిన సంగతి మాత్రం చెప్పేస్తుంది. రాత్రి కావలి కాసే మనిషి, పొద్దున సాక్ష్యం చెప్పే ముద్ర, రెండూ కలిసి పనిచేశాయి. ఈ జోడీని చివరి భాగంలో మళ్లీ తలచుకుందాం.

4. రైలు వచ్చాక: రశీదు మీద నమ్మకం

1899లో మద్రాసు, విజయవాడ మధ్య రైలుమార్గం కలిసింది. నెల్లూరు ఆ దారిలోని స్టేషన్. రైలుకు ముందు యాత్రికులు సత్రాల్లో దిగేవారు. 1830-31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్లి వచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్రాచరిత్రలో దారి పొడవునా ఉన్న సత్రాలను, మజిలీలను నమోదు చేశారు. సత్రంలో మూట భద్రత పరిచయం మీద, వెంట వచ్చిన పరివారం మీద ఆధారపడేది. రైలు ఒక కొత్త పరిస్థితిని తెచ్చింది. ఒకరికొకరు ఏమాత్రం తెలియని వేలాదిమంది ఒకే ఊళ్లో దిగి, కొద్ది గంటల తరువాత వెళ్లిపోతారు. హోదా చూసి నమ్మే పద్ధతి ఇక్కడ పనిచేయదు. అందుకే క్లోక్ రూమ్, దానితోపాటు అంకె వేసిన చీటీ వచ్చాయి.

చీటీ చిన్న కాగితమే అయినా అది తెచ్చిన మార్పు పెద్దది. సంచి ఎవరిది అన్నది ముఖం చూసి తేల్చనక్కరలేదు. కులం, వేషం, ఊరు అడగనక్కరలేదు. చీటీ ఉన్నవాడిదే సంచి. మనుస్మృతి జాబితాలో చోటు దొరకని మనిషికి కూడా ఈ చీటీ హక్కు ఇచ్చింది.

చట్టం దీన్ని ఎలా చూసింది? 1872 భారత ఒప్పంద చట్టం 148వ సెక్షన్ నుంచి బెయిల్‌మెంట్ గురించి చెబుతుంది. ఒక పనికోసం వస్తువును అప్పగించడం, ఆ పని అయ్యాక తిరిగి తీసుకోవడం దీని సారం. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువు విషయంలో ఎంత జాగ్రత్త పడతాడో, పుచ్చుకున్నవాడు అంత జాగ్రత్త పడాలని 151వ సెక్షన్ అంటుంది. అంత జాగ్రత్త పడ్డాక కూడా వస్తువు పోతే, ప్రత్యేక ఒప్పందం లేనప్పుడు, అతని బాధ్యత లేదని 152వ సెక్షన్ చెబుతుంది. 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం లగేజీని రైల్వే ఉద్యోగి బుక్ చేసి రశీదు ఇవ్వాలి. ప్రయాణికుడు తన వెంట ఉంచుకున్న సామాను పోతే మాత్రం రైల్వే నిర్లక్ష్యాన్ని రుజువు చేస్తేనే పరిహారం. అప్పగింత, రశీదు అన్న రెండు మెట్లు ఎక్కితేనే బాధ్యత మొదలవుతుందని దీని అర్థం.

చీటీ వెనుక ఏం రాసి ఉందన్నది మరో చిక్కు. లండన్ చేరింగ్ క్రాస్ స్టేషన్‌లో పార్కర్ అనే ప్రయాణికుడు రెండు పెన్నీలు కట్టి సంచి పెట్టాడు. చీటీ మీద వెనక్కి తిప్పి చూడమని ఉంది. వెనుక, పది పౌండ్లకు మించి తమ బాధ్యత లేదని ఉంది. సంచి పోయింది, దాని విలువ 24 పౌండ్ల 10 షిల్లింగులు. 1877లో అప్పీలు కోర్టు అడిగిన ప్రశ్న ఇది: ఆ షరతు ప్రయాణికుడి దృష్టికి వచ్చేలా కంపెనీ తగినంత ప్రయత్నం చేసిందా? ఒప్పంద చట్టం చదివే మన విద్యార్థులు ఇప్పటికీ ఈ కేసుతోనే ఆ పాఠం మొదలుపెడతారు.

5. మనిషి లేని పెట్టె

ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య దేశాల రైల్వే స్టేషన్లలో నాణెం వేస్తే తాళంచెవి వచ్చే లాకర్లు వ్యాపించాయి. 1960ల తరువాత జపాన్ స్టేషన్లలో ఇవి బాగా పెరిగాయి. రాత్రి ఏ వేళ వచ్చినా వాడుకోవచ్చు. క్యూ లేదు. చిల్లర ఉంటే చాలు.

ఇక్కడే మన మొదటి ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. లోపల ఏముందో ఎవరికి తెలుసు? 1975 డిసెంబరు 29న న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో లాకర్లున్న చోట బాంబు పేలి 11 మంది చనిపోయారు. ఆ తరువాత విమానాశ్రయాల్లో లాకర్ల మీద ఆంక్షలు వచ్చాయి. మూసిన పెట్టె యజమాని ఆంతరంగికతను కాపాడుతుంది. అదే పెట్టె చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ప్రమాదం కావచ్చు. రద్దీ ప్రదేశాల్లో లాకర్లకు ముందు స్కానర్ పెట్టమనడం అందుకే. స్కానర్ పెడితే దాని తెర చూసే మనిషి మళ్లీ కావాలి.

స్మార్ట్ లాకర్‌లో నాణెం, తాళంచెవి పోయాయి. వాటి స్థానంలో యూపీఐ చెల్లింపు, ఓటీపీ లేదా క్యూఆర్ కోడ్ వచ్చాయి. ఏ పెట్టె ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది అన్న వివరం యంత్రంలో నిలుస్తుంది. క్లోక్ రూమ్ రిజిస్టరులో ఇంత కచ్చితమైన లెక్క ఉండదు. ముంబయి వంటి నగరాల స్టేషన్లలో ఇవి ఇప్పటికే ఉన్నాయి. తిరుమలలో మాత్రం ప్రధానంగా మనుషులు నడిపే పద్ధతే కొనసాగుతోంది. అలిపిరి నుంచి నడిచి వెళ్లే భక్తులు కింద సామాను అప్పగిస్తే, అది వాహనంలో కొండపైకి చేరుతుంది. అక్కడ రశీదు చూపి తీసుకుంటారు. సంచి ఒకచోట పెట్టి మరోచోట తీసుకోవడం లాకర్ చేయలేని పని. ఇనుప పెట్టె కదలదు కదా!

6. న్యాయస్థానాలు ఏమన్నాయి?

యంత్రం వచ్చాక ఒప్పందం ఎలా మారుతుందన్నది 1971లో ఒక ఇంగ్లీషు కేసులో తేలింది. థార్న్టన్ అనే వ్యక్తి యంత్రం చీటీ ఇచ్చే కారు పార్కింగ్‌లోకి వెళ్లాడు. అక్కడ ప్రమాదంలో గాయపడ్డాడు. షరతులు లోపల గోడకు అంటించి ఉన్నాయని, వాటి ప్రకారం తమ బాధ్యత లేదని యాజమాన్యం వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. కిటికీ దగ్గర గుమాస్తా ఉంటే షరతు నచ్చనివాడు చీటీ వెనక్కి ఇచ్చి వెళ్లిపోవచ్చు. యంత్రంతో వాదించే వీలు లేదు. కాబట్టి షరతులు ముందే, స్పష్టంగా తెలియజేయాలి.

మన దేశంలో రెండు తీర్పులు ముఖ్యం. 1998లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్‌లో వాలెట్ పార్కింగ్‌కు ఇచ్చిన కారు చోరీ అయింది. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు హోటల్‌దే బాధ్యత అంది. యజమాని బాధ్యత మీదే అని చీటీ మీద రాసుకున్నంత మాత్రాన, అప్పగింత జరిగాక నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేరని చెప్పింది. ఇక్కడ తాళంచెవి ఒక మనిషి చేతిలో పెట్టారు. అదే కీలకమైన విషయం.

రెండోది బ్యాంకు లాకర్ల కేసు. 2021 ఫిబ్రవరి 19న అమితాభ దాస్‌గుప్తా కేసులో సుప్రీంకోర్టు, లాకర్ లోపల ఏముందో తమకు తెలియదన్న కారణంతో బ్యాంకులు చేతులు దులుపుకోలేవని చెప్పింది. రెండు తాళంచెవుల పద్ధతి నుంచి ఎలక్ట్రానిక్ లాకర్లకు మారుతున్న సంగతి కూడా కోర్టు ప్రస్తావించింది. ఆ సాంకేతికత మీద ఖాతాదారుడికి పట్టు ఉండదు, అతను పూర్తిగా బ్యాంకు మీదే ఆధారపడతాడు, కాబట్టి బ్యాంకు బాధ్యత మరింత గట్టిదని కోర్టు భావించింది. అదే ఏడాది ఆగస్టులో రిజర్వు బ్యాంకు కొత్త ఆదేశాలిచ్చింది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ ఆదేశాల ప్రకారం అగ్నిప్రమాదం, చోరీ, భవనం కూలడం, ఉద్యోగుల మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు బాధ్యత లాకర్ వార్షిక అద్దెకు వంద రెట్లు. ప్రకృతి వైపరీత్యాలకు మినహాయింపు ఉంది.

దీన్ని యాజ్ఞవల్క్యుని నియమంతో పోల్చి చూడండి. దైవికమైన నష్టానికి అప్పుడూ మినహాయింపే, ఇప్పుడూ మినహాయింపే. దొంగల విషయం మాత్రం తారుమారైంది. ఒకప్పుడు దొంగలు పడితే దాచినవాడు బాధ్యుడు కాడు. ఇప్పుడు బ్యాంకు లాకర్‌లో చోరీ జరిగితే బ్యాంకు బాధ్యత వహించాలి. అద్దె తీసుకుని, భద్రతే తన వ్యాపారంగా నడిపేవాడి మీద చట్టం బరువు పెంచింది. అయితే ఈ ఆదేశాలు బ్యాంకులకే. స్టేషన్‌లోనో, గుడి దగ్గరో గంట లెక్కన ఇచ్చే లాకర్లకు ఇలాంటి ప్రత్యేక లెక్క వర్తించదు. అక్కడ ఒప్పంద షరతులు, వినియోగదారుల చట్టమే దిక్కు.

7. నెల్లూరు తీరంలో పోలిక

ఇప్పుడు ఈ చరిత్రను మూడు చోట్లకు తీసుకువెళ్దాం.

మొదట రొట్టెల పండుగ. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో ఇది జరుగుతుంది. మతభేదం లేకుండా లక్షల మంది వస్తారు. చదువు, ఉద్యోగం, పెళ్లి, సంతానం వంటి కోరికలున్నవాళ్లు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల నుంచి రొట్టె అందుకుంటారు. తమ కోరిక తీరాక వాళ్లు కూడా వచ్చి రొట్టె ఇస్తారు.

ఇక్కడ లాకర్లు పెడితే ఏమవుతుంది? ఒక చిన్న లెక్క వేద్దాం. వంద పెట్టెలున్న లాకర్ వరుస ఉందనుకోండి. ఒక్కొక్కరు మూడు గంటలు వాడితే 12 గంటల్లో ఒక్కో పెట్టె నలుగురికి, మొత్తం వరుస 400 మందికి ఉపయోగపడుతుంది. పదివేల మందికి అలాంటివి 25 వరుసలు కావాలి. పండుగ కొద్దిరోజులే. మిగతా ఏడాది అంతా ఆ పెట్టెలు ఖాళీగా ఎండకు ఎండుతాయి. షామియానా కింద ర్యాకులు వేసి, రెండు అంకెల చీటీలతో మనుషుల్ని పెడితే, జనాన్ని బట్టి పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

మరో ఇబ్బంది ఇంకా సూటిగా ఉంటుంది. నీళ్లలోకి దిగే మనిషి ఫోన్‌ను లాకర్‌లో పెడతాడు. లాకర్ తెరవాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చేది ఆ ఫోన్‌కే! ఈతకొలనుల దగ్గర చేతికి కట్టుకునే రబ్బరు పట్టీలో తాళంచెవో, చిప్పో పెట్టేది ఇందుకే. స్నానఘట్టాల దగ్గర లాకర్లు పెట్టేవారు ఇలాంటి పట్టీ తప్పక ఇవ్వాలి.

అయితే మనిషి నడిపే కౌంటర్‌కు కూడా బలహీనత ఉంది. సామాను ఇచ్చేటప్పుడు జనం కొద్దికొద్దిగా వస్తారు. తీసుకునేటప్పుడు అందరూ ఒక్కసారే మీదపడతారు. ఒక్కో సంచి వెతికి ఇవ్వడానికి నిమిషం పడితే ఒక గుమాస్తా గంటకు 60 మందికే ఇవ్వగలడు. ఆ ఒత్తిడిలోనే చీటీలు తారుమారవుతాయి. అందుకే సంచి తీసుకునే కిటికీలకంటే తిరిగి ఇచ్చే కిటికీలు ఎక్కువ ఉండాలి.

రెండో చోటు మైపాడు వంటి సముద్రతీరం. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి కుటుంబాలు సముద్రస్నానానికి వస్తాయి. బట్టలు, ఫోన్లు, నగల దగ్గర ఒకరు ఒడ్డున కూర్చుంటారు. తరచు అది ఇంట్లోని పెద్దావిడ. ఆమెకు జీతం లేదు, స్నానం కూడా చివర్లోనే. సామాను భద్రత గురించి రాసే లెక్కల్లో ఈ కాపలా ఎక్కడా కనపడదు. ఇలాంటి చోట పది, ఇరవై లాకర్లు ఉన్నా ఆ మనిషికి కాస్త వెసులుబాటు. కాని ఉప్పుగాలికి ఇనుము, విద్యుత్ కనెక్షన్లు త్వరగా తుప్పు పడతాయి. తరచు మరమ్మతు చేసే మనిషి లేకపోతే పెట్టెలు నిలవవు.

మూడోది నెల్లూరు రైల్వే స్టేషన్. ఇక్కడ రద్దీ ఏడాది పొడవునా, రాత్రింబవళ్లు ఉంటుంది. చిన్న సంచితో నాలుగు గంటలు ఊళ్లో పనిచూసుకునే ప్రయాణికుడికి లాకర్ అనువైనది. పెట్టెలు ఖాళీగా ఉండవు కాబట్టి పెట్టుబడి కూడా గిట్టుబాటవుతుంది. అయితే ఈ తీరానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్నా వరదకు పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిని రైళ్లు ఆగిపోయాయి. అలాంటి రోజున కరెంటు, నెట్‌వర్క్ రెండూ పోతే లాకర్ తలుపు ఎలా తెరుచుకుంటుంది? గడువు దాటితే జరిమానా ఎవరు మాఫీ చేస్తారు? క్లోక్ రూమ్ గుమాస్తా పరిస్థితి చూసి నిర్ణయం తీసుకోగలడు, లేదా పై అధికారిని అడగగలడు. యంత్రానికి ముందుగా రాసిపెట్టిన నియమం తప్ప మరొకటి తెలియదు.

ఇరువైపులా న్యాయం చేయాలంటే యంత్రానికి అనుకూలమైన మాట కూడా చెప్పాలి. అది మొహం చూడదు, బట్టలు చూడదు, విసుక్కోదు, పైన చిల్లర ఇమ్మనదు. పల్లె నుంచి వచ్చిన ముసలావిడను, పట్నం కుర్రాణ్ని ఒకేలా చూస్తుంది. కానీ ఒకేలా చూడటం ఇద్దరికీ ఒకేలా ఉపయోగపడదు. కుర్రాడికి ఫోన్ ఉంది, యూపీఐ ఉంది, తెర మీది ఇంగ్లీషు వచ్చు. ఆమెకు అవి లేకపోవచ్చు. అంకె చీటీ ఒకప్పుడు హోదా అడ్డుగోడను తొలగించిందని చూశాం. సెల్ ఫోన్ తప్పనిసరి చేసిన లాకర్ మరో గోడ కట్టే ప్రమాదం ఉంది. కేతన తన కాలంలో ధర్మాన్ని తెలుగులోకి తెస్తే, మన కాలంలో 'అంగీకరిస్తున్నాను' అన్న మీట పైన ఉన్న షరతులు తెలుగులో లేకపోవడం సబబు కాదు. పార్కర్, థార్న్టన్ కేసుల్లో కోర్టులు అడిగిన ప్రశ్నను ఇక్కడా అడగవచ్చు.

8. సారాంశం

మూడు ప్రశ్నలకు తిరిగి వద్దాం. ఏం అప్పగించారో క్లోక్ రూమ్‌లో కొంతవరకు తెలుస్తుంది, లాకర్‌లో తెలియదు. రుజువు విషయంలో లాకర్ ముందుంది. తెరిచిన ప్రతి సమయం నమోదవుతుంది. నష్టం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం యంత్రంలో జవాబు లేదు. దాన్ని నడిపే సంస్థ, రాసుకున్న షరతు, అమల్లో ఉన్న చట్టం కలిసి ఇవ్వాల్సిన జవాబు అది.

కాబట్టి ఏడాది పొడవునా రద్దీ ఉండి, చిన్న సామాను ఎక్కువగా వచ్చే చోట స్మార్ట్ లాకర్లు మేలు. కొద్దిరోజులు విపరీతంగా జనం వచ్చే జాతరల్లో, ఒకచోట ఇచ్చి మరోచోట తీసుకునే యాత్రల్లో మనుషులు నడిపే కౌంటర్లు మేలు. లాకర్లు పెట్టిన చోట కూడా ఒక మనిషి ఉండాలి. అతని దగ్గర కరెంటు లేకపోయినా తలుపు తెరిచే తాళంచెవి, ఫోన్ లేనివాళ్లకు ఇచ్చే చీటీ, ఫిర్యాదు రాసుకునే పుస్తకం ఉండాలి. కళ్లంలో కావలివాడు, ముద్ర కలిసి చేసిన పనిని ఇక్కడ గుమాస్తా, యంత్రం కలిసి చేయాలి. ఖర్చు తగ్గించడానికి ఆ ఒక్క మనిషిని కూడా తీసేస్తే, సంచి పోయిన రోజున యాత్రికుడు వెళ్లి అడగడానికి అక్కడ ఎవరూ ఉండరు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. నిక్షేపానికి, ఔపనిధికానికి తేడా ఏమిటి? స్మార్ట్ లాకర్ ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉంటుంది?
2. మోటుపల్లి అభయశాసనం వర్తకులకు ఇచ్చిన హామీని వివరించండి.
3. 1872 ఒప్పంద చట్టంలోని 151, 152 సెక్షన్లను సొంత మాటల్లో రాయండి.
4. దొంగతనం విషయంలో యాజ్ఞవల్క్య స్మృతికి, రిజర్వు బ్యాంకు 2021 ఆదేశాలకు మధ్య మార్పు ఎందుకు వచ్చిందని మీరు భావిస్తున్నారు?
5. మీ ఊరికి దగ్గరలోని బస్టాండు, గుడి, దర్గా లేదా చర్చిలో సామాను భద్రపరిచే ఏర్పాటును చూసి రండి. అక్కడ ఇచ్చే చీటీనో, తెర మీది షరతులనో పూర్తిగా చదవండి. ఈ పాఠంలోని మూడు ప్రశ్నలకు అక్కడ ఏ జవాబు దొరికిందో ఒక పేజీలో రాయండి.